కుక్కచావు అనే మాట

మా చెల్లెలు మానుకోటలో వుంటుంది. రైలు స్టేషను బోర్డు మీదా, సర్కారు కాగితాల మీదా ఆ వూరి పేరు మహబూబాబాద్. మాకు మాత్రం యెప్పుడూ మానుకోటే. మొన్న ఆషాఢమాసంలో ఓ సాయంత్రం దాని దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా" అని పిలిచి వూరుకుంది. ఆ వొక్క పిలుపులోనే నాకు సగం అర్థమైంది.

"మోతి పోయిండా?" అన్నాను.

"పోలేదక్కా. మేమే పంపినం."

మోతి అంటే వాళ్ళింటి కుక్క. జాతికుక్క కాదు, ఖరీదు పెట్టి కొన్నదీ కాదు. పదమూడేళ్ళ క్రితం ఓ వానరోజు మా మరిది కూరగాయల సంచీలో చుట్టబెట్టి తెచ్చిన వూరకుక్క పిల్ల. పెరిగి పెద్దదై, వీధిలో కొత్తమనిషిని అడుగు పెట్టనిచ్చేది కాదు గాని, ఆకాశంలో వొక్క వురుము వురిమిందా, ఆ శూరత్వమంతా యేమైపోయేదో, మంచం కిందికి దూరి మా చెల్లెలి చీర కుచ్చెళ్ళు నోట పట్టుకుని వణికేది. ఈ యేడు దాని మూత్రపిండాలు చెడిపోయాయి. వారం రోజులు సెలైన్ పెట్టించారు. ప్రాణమైన పెరుగన్నం కూడా ముట్టలేదు. వెనక కాళ్ళు పడిపోయాయి. రాత్రంతా మూలుగు. చివరికి పశువుల డాక్టరు, "అమ్మా, యిక వాడికి మిగిలింది నొప్పి వొక్కటే. మీరు సరేనంటే వొక్క సూదితో తీరిపోతుంది. ఆలోచించుకోండి" అన్నాడట. ఆ రాత్రి మొగుడూ పెళ్ళాం నిద్రపోలేదు. తెల్లవారి సరేనన్నారు. మోతి తల తన వొళ్ళో పెట్టుకుని కూర్చుంది మా చెల్లెలు. పెరట్లో జామచెట్టు కింద పూడ్చిపెట్టారు.

"పక్కింటామె వచ్చి, 'కుక్కనే కదా, యింకోటి తెచ్చుకుంటే అయిపాయె, గింతగనం యేడుస్తరా' అన్నది. దానికి కాదక్కా నా బాధ. వాడు నా మొకం దిక్కే చూసుకుంట పోయిండు. నేను తల వూపితేనే గదా ఆ సూది యిచ్చిన్రు. నేను పాపం జేసిన్నా అక్కా?"

నేను జనగామలో ముప్ఫయ్యేళ్ళు పిల్లలకు సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. వోదార్చడం నాకు చేతకాదు. పాతసంగతులు చెప్పడం మాత్రం వచ్చు. అందుకని ఫోన్‌లో చెప్పలేని జవాబు కోసం నాలుగురోజులు పుస్తకాలు తిరగేశాను. యిలాంటి ప్రశ్న గుండెలో పెట్టుకుని పైకి అనలేక, "కుక్కకోసం యేడిస్తే నవ్వుతారేమో" అని వంటింట్లో కొంగు కళ్ళకద్దుకునే ఆడవాళ్ళు యెందరో వుంటారు కదా, వాళ్ళకూ పనికొస్తుందని ఆ నాలుగు ముక్కలూ యిక్కడ రాస్తున్నాను.

ముందు మన మాటల సంగతే చూడండి. తెలుగులో కుక్క మీద వున్నన్ని తిట్లు మరే జంతువు మీదా లేవేమో! కష్టాల బతుకు కుక్కబతుకు. దిక్కులేని చావు కుక్కచావు. మారని బుద్ధి కుక్కతోక. తెగించి వచ్చినవాడికి చెప్పే సామెత కుక్కకాటుకు చెప్పుదెబ్బ. చిన్నప్పుడు బడిలో వల్లెవేసిన సుమతీశతకంలో కూడా బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టినా దాని బుద్ధి మారదన్న నింద వుంది. వీటినే వింటూ పెరిగిన మనకు, కుక్క కోసం కన్నీరు వస్తే ఆ కన్నీటికి పెట్టుకోడానికి వో పేరు కూడా లేదు. మైల లేదు, దినం లేదు, పరామర్శ లేదు. మనిషి పోతే వూరంతా వచ్చి కూర్చుంటుంది. కుక్క పోతే దాని గిన్నె యెక్కడ పెట్టాలో చెప్పేవారు కూడా వుండరు.

అయితే మన పూర్వీకులంతా యిలాగే అనుకున్నారా? అనుకోలేదు. దానికి సాక్ష్యం కోసం నేను దూరం పోనక్కర లేకపోయింది. మా జనగామ జిల్లాలోనే పాలకుర్తి వుంది. పాల్కురికి సోమనాథుడి వూరు. పదమూడో శతాబ్దం నాటి ఆ మహాకవి ద్విపదలో రాసిన బసవపురాణంలో వో కథ వుంది. తమకే చదువు వుందనీ, తామే పవిత్రులమనీ గర్వించేవాళ్ళ యెదుట వో శివభక్తుడు కుక్క చేత వేదం చదివిస్తాడు. మనుషుల్లోనే యెవరు ముట్టుకోవాలి, యెవరు ముట్టుకోకూడదు అని లెక్కలు చూసే రోజుల్లో, అందరూ ఛీకొట్టే జంతువు నోట వేదం పలికించడానికి సోమనాథుడికి యెంత ధైర్యం వుండాలి! మన పూజగదిలో దత్తాత్రేయస్వామి పటం చూడండి, ఆయన పాదాల దగ్గర నాలుగు కుక్కలుంటాయి. అవి నాలుగు వేదాలని పెద్దలు చెబుతారు. రోజూ దీపం పెడుతూనే వుంటాం గాని, వాటివంక యెప్పుడైనా తేరిపార చూశామా?

యిక భారతం సంగతి. అంత పెద్ద గ్రంథం, కుక్క కథతో మొదలై కుక్క కథతో ముగుస్తుందంటే నమ్ముతారా? నన్నయగారి ఆదిపర్వం ఆరంభంలోనే సరమ కథ వస్తుంది. సరమ అంటే దేవతల కుక్క. దాని పిల్ల జనమేజయ మహారాజు యజ్ఞం చేస్తున్న చోటికి ఆడుకుంటూ పోయింది. రాజు తమ్ములు అకారణంగా దాన్ని కొట్టారు. అది యేడుస్తూ తల్లి దగ్గరికి వెళ్ళింది. తల్లి వూరుకుందా? తిన్నగా రాజు దగ్గరికే వచ్చి నిలదీసింది. తప్పు చేయని సాధుప్రాణిని బాధించినవాళ్ళకు అనుకోని భయాలు వచ్చిపడతాయని చెప్పి వెళ్ళింది. రాజంతటివాడు ఆ మాటకు దిగులుపడి, దానికి శాంతి చేయించడానికి పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరాడు. ఆ సరమ బిడ్డలు కాబట్టే కుక్కలకు సారమేయాలని పేరు. వో తల్లి కన్నీటితో మొదలైన కథ అన్నమాట, భారతం.

చివర మహాప్రస్థానం. దాన్ని తిక్కనగారు తెనిగించారు. పాండవులు రాజ్యం వదిలి వుత్తరదిక్కుగా నడుస్తుంటే వెంట వో కుక్క బయల్దేరుతుంది. దారిలో ద్రౌపది పడిపోయింది. తమ్ములు వొక్కొక్కరే పడిపోయారు. ధర్మరాజూ, కుక్కా మిగిలారు. ఇంద్రుడు రథం తెచ్చి యెక్కమన్నాడు. కుక్కను మాత్రం వదిలేయమన్నాడు. ధర్మరాజు వొప్పుకోలేదు. "తమ్ముల్నీ, భార్యనూ వదిలి వచ్చినవాడివి, కుక్కను వదలలేవా?" అని ఇంద్రుడు యెత్తిపొడిచాడు. దానికి ధర్మరాజు యిచ్చిన జవాబు తాత్పర్యం యిది: వాళ్ళు చనిపోయారు, చనిపోయినవాళ్ళను తెచ్చే శక్తి నాకు లేదు, ప్రాణంతో వుండగా నేనెవర్నీ వదల్లేదు, నన్ను నమ్మి వచ్చిన దీన్నీ వదలను. అప్పుడా కుక్క ధర్మదేవతగా మారింది. ధర్మదేవత అంటే మరెవరో కాదు, యమధర్మరాజే.

ఈ కథ మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలిసిందే. కాని మోతి పోయిన తరువాత చదివితే నాకో కొత్త సంగతి తోచింది. వదలడమూ, పోవడమూ వేరువేరు. పోవడం మన చేతుల్లో లేదు. ప్రాణం వున్నంతసేపూ వదలకుండా వుండడమే మన చేతుల్లో వున్నది. ఆఖరి నిమిషం దాకా తల వొళ్ళో పెట్టుకుని కూర్చున్న మా చెల్లెలు మోతిని వదిలిందా?

కుక్కను కూర్చుని సాకడం, పోతే దానికో చోటు చూపించడం యీ కాలపు వేషాలని కొందరంటారు. అదీ తప్పే. 1914లో జర్మనీలో, బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్ అనే చోట రాయి తవ్వుతున్న కూలీలకు వో పాత సమాధి బయటపడింది. వో పురుషుడు, వో స్త్రీ, వాళ్ళతో పాటు వో కుక్క ఎముకలు. పద్నాలుగు వేల యేళ్ళ నాటివి! యింకా వ్యవసాయమే లేని కాలం. ఆ కుక్క పళ్ళను పరీక్షించి 2018లో శాస్త్రజ్ఞులు చెప్పిందేమిటంటే, అది యేడునెలల పిల్ల, డిస్టెంపర్ అనే జబ్బు దానికి చాలా వారాలు వుంది, యెవరో దగ్గర కూర్చుని శుభ్రం చేసి నీళ్ళూ తిండీ పట్టకపోతే అన్నిరోజులు బతికేది కాదు. ఆ స్థితిలో అది వేటకు పనికిరాదు, కాపలాకు పనికిరాదు. అయినా సాకారు. అంటే అప్పటికే మనిషి, వుపయోగం లెక్క చూడకుండా కుక్క పక్కన జాగారం చేయడం నేర్చాడన్నమాట.

మన పక్క రాష్ట్రం కర్ణాటకలో, మండ్య జిల్లా ఆతకూరులో దొరికిన శాసనం మరీ ముచ్చటైనది. క్రీ.శ. 949–50 నాటిది. రాష్ట్రకూట మూడో కృష్ణుడూ, గంగరాజు బూతుగుడూ కలిసి తక్కోలం దగ్గర చోళులతో యుద్ధం చేసి గెలిచారు. ఆ యుద్ధంలో మణలేరుడనే వీరుడు పరాక్రమం చూపిస్తే, యేలిక మెచ్చి వరం కోరుకోమన్నాడు. వూళ్ళడగొచ్చు, బంగారమడగొచ్చు. అతగాడు కాళి అనే వేటకుక్కను అడిగి తీసుకున్నాడు! తరువాత ఆ కాళి వో పెద్ద అడవిపంది మీద కలబడి, దాన్ని చంపి తానూ చచ్చిపోయింది. మణలేరుడు గుడి ముందు దానికి వీరగల్లు నిలబెట్టించి, పూజకోసం భూమి కూడా యిప్పించాడు. కుక్కా, పందీ పోరాడుతున్న బొమ్మ చెక్కిన ఆ రాయి యిప్పుడు బెంగుళూరు మ్యూజియంలో వుంది. రాజుల యుద్ధం సంగతి చరిత్రకారులకు తెలిపిన ఆ శాసనం వేయించింది వో కుక్క మీది దుఃఖం! పక్కింటామె మాట గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. ఆవిడ ఆ రోజుల్లో వుంటే మణలేరుడితో కూడా "యింకోటి తెచ్చుకో నాయనా" అనేదే.

సరే, దుఃఖం పాతదే. కాని సూది సంగతి? చెల్లెలి గుండెలో ముల్లు అదే కదా. ఆ ముల్లు మాత్రం నిజంగానే కొత్తది. వెనకటి కాలంలో నొప్పితో మూలిగే కుక్కకు మనుషులు చేయగలిగింది చాలా తక్కువ. డబ్బున్న దొరలైతే తుపాకీ. లేనివాళ్ళు చూస్తూ వూరుకోవడమే. బాధ లేకుండా నిద్రలోనే ప్రాణం పోయే వుపాయం మనిషి చేతికొచ్చింది యీమధ్య కాలంలోనే. ఎమిల్ ఫిషర్, జోసెఫ్ ఫాన్ మెరింగ్ అనే యిద్దరు జర్మను శాస్త్రజ్ఞులు బార్బిటాల్ అనే నిద్రమందును కనిపెట్టారు. అది కుక్కల్ని చక్కగా నిద్రపుచ్చుతుందని గమనించారు. 1903 నుంచి మనుషులకూ అమ్మకానికి వచ్చింది. ఆ కుటుంబంలోని మందుల్నే యిప్పుడు పశువైద్యులు వాడుతారు. మోతాదు యెక్కువగా యిస్తే ముందు స్పృహ పోతుంది, గాఢనిద్ర. ఆ తరువాతే శ్వాస, ఆ తరువాత గుండె ఆగుతాయి. కాబట్టి చివరి ఘట్టం కుక్కకు తెలియదు. చెల్లీ, మోతి నీ ముఖం చూస్తూ పోయాడన్నావు. నిజమే. వాడికి తెలిసిన ఆఖరి సంగతి నీ ముఖమే. దాని తరువాతిదేదీ వాడికి తెలియదు.

అన్నట్టు, ఈ ఫాన్ మెరింగే 1889లో మింకోవ్‌స్కీతో కలిసి కుక్క మీద చేసిన ప్రయోగం వల్ల, మధుమేహానికి మూలం క్లోమగ్రంథిలో వుందని తేలింది. 1921లో కెనడాలో ఇన్సులిన్ వెలువడిందీ కుక్కల మీది ప్రయోగాల్లోంచే. మన యిళ్ళల్లో యిప్పుడెంతమంది ఆ సూది వేసుకుని అన్నం తింటున్నారో చూడండి. మనం కుక్కలకు పడ్డ బాకీ యింతా అంతా కాదు.

"పాపమా?" అన్న ప్రశ్నను ఈ దేశంలో యెంతో పెద్దాయన యెదుర్కొన్నాడు. 1928లో సబర్మతి ఆశ్రమంలో వో దూడ జబ్బుపడి, కాలు పనికిరాకుండా పోయి, పక్కకు వొత్తిగిలలేక యాతన పడుతూ వుంది. వైద్యులు ఆశ వదిలేశారు. గాంధీగారు అందరితో ఆలోచించి, డాక్టరు చేత సూది వేయించారు. రెండు నిమిషాల్లోపే దాని బాధ తీరిపోయింది. గోవును తల్లిగా కొలిచే దేశం, అహింసే వ్రతమైన మనిషి! దేశమంతటా దుమారం లేచింది. వుత్తరాల మీద వుత్తరాలు. దూషణలు కూడా. ఆయన దాచలేదు, తన పత్రికల్లోనే బహిరంగంగా రాశారు. కోపంతోనో, స్వార్థంతోనో ప్రాణం తీస్తే అది హింస. ఆ ప్రాణి బాధ తీర్చడం తప్ప మరో వుద్దేశం లేకుండా, మరో దారి లేనప్పుడు చేసింది హింస కాదు అన్నది ఆయన వాదం సారాంశం. ఆయన మాటతో యేకీభవించనివారు అప్పుడూ వున్నారు, యిప్పుడూ వుంటారు. కాని మా చెల్లెలు వొంటరిది కాదు. అదే ముల్లు మీద మహాత్ముడూ నడిచాడు.

మన చట్టానికీ ఈ సంగతి తెలుసు. నాట్యానికి పేరెన్నిక గన్న రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభకు వెళ్ళి, మరుసటి యేడే మూగజీవాల కోసం వో బిల్లు ప్రవేశపెట్టింది. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూగారు మాటిచ్చాక వుపసంహరించుకుంది. ఆ ఫలితమే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. 1962లో యేర్పడిన జంతుసంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలూ ఆమే. జంతువులను హింసించరాదని చెప్పే ఆ చట్టమే, బతికించి వుంచడమే క్రూరత్వమయ్యే స్థితి కూడా వొకటి వుంటుందని గుర్తించింది. వీధికుక్కల గురించి 2001లో వచ్చిన నియమాల్లో వో చిన్నవాక్యం నన్ను కదిలించింది. నయంకాని జబ్బుతో వున్న కుక్కను డాక్టరు నిర్ధారించాక బాధ లేకుండా పంపాలి, అదీ మరో కుక్క కళ్ళెదుట చేయకూడదు అని వుండేది. చట్టం రాసినవాళ్ళకు కూడా కుక్కకు మనసుంటుందని తోచిందన్నమాట.

ఈ ముక్కలన్నీ కాగితం మీద రాసుకుని గోల్కొండ యెక్స్‌ప్రెస్‌లో మానుకోట వెళ్ళాను. చెల్లెలికి చదివి వినిపించాను. విన్నది. యేమీ అనలేదు. వాకిట్లో మోతి నీళ్ళగిన్నె అలాగే వుంది, కడిగి బోర్లించి.

అక్కడే మరో సంగతి తెలిసింది. అయిదేళ్ళ మనవడికి "మోతిని డాక్టరు నిద్రపుచ్చిండు" అని చెప్పారట. వాడు రెండురాత్రులు కళ్ళు మూయలేదు. పడుకుంటే తనూ జామచెట్టు కిందికే పోతాడని వాడి భయం! మనం మెత్తగా వుంటుందని వాడిన మాట పసివాడికి యెంత కరకుగా తగిలిందో చూశారా? కుక్కచావు అన్న మాట యెంత తప్పో, నిద్రపుచ్చడం అన్న మాటా పిల్లల దగ్గర అంతే తప్పు. నేనే వాణ్ణి వొళ్ళో కూర్చోబెట్టుకుని, మోతికి బాగుచేయలేని జబ్బు చేసింది, చనిపోయాడు, యిక రాడు, నువ్వు పడుకుంటే మాత్రం పొద్దున్నే లేస్తావు అని చెప్పాను. వాడు కాసేపు యేడ్చి, ఆ రాత్రి నిద్రపోయాడు. యేడ్వనివ్వడమే మంచిదైంది.

మరునాడు యిద్దరం భూపాలపల్లి వెళ్ళాం. మా తమ్ముడు అక్కడ సింగరేణిలో పనిచేస్తాడు. వాడే మమ్మల్ని కాళేశ్వరం తీసుకుపోయాడు. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు. అక్కడి గుడిలో వొకే పానవట్టం మీద రెండు లింగాలు. వొకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తీశ్వరుడు, శివుడు. ముక్తీశ్వరుణ్ణి కొలిచినవాళ్ళందరికీ ముక్తి దొరికిపోతుంటే యముడు పనిలేక మొరపెట్టుకున్నాడనీ, శివుడు తన పక్కనే చోటిచ్చాడనీ స్థలపురాణం. అందుకే ముందు యముడికే పూజ. మృత్యువుకూ, ముక్తికీ మధ్య జానెడు దూరం కూడా పెట్టలేదు ఆ గుడి కట్టినవాళ్ళు. ఘాట్ మీద యెందరో తమవాళ్ళకు పిండాలు పెడుతున్నారు. మాకక్కడ చేయవలసిన కర్మ యేదీ లేదు. వూరికే వెళ్ళాం.

చెల్లెలు కాళేశ్వరుడి యెదుట చేతులు జోడించి చాలాసేపు నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక నెమ్మదిగా అడిగాను.

"యేమడిగినవే?"

"అడగలేదక్కా. చెప్పిన."

"యేం చెప్పినవ్?"

నదివైపు చూస్తూ అంది.

"వానికి వురుములంటే భయమని చెప్పిన."